ఈ కంప్యూటర్ ఎవరి కొలువులో ఉంది?

1995 ఆగస్టు 24న విండోస్ 95 మార్కెట్లోకి వచ్చినప్పుడు, అది నడవడానికి 4 ఎంబీ ర్యామ్ ఉంటే చాలన్నారు. హార్డ్ డిస్కులో ఓ 50 ఎంబీ చోటు అడిగింది. సీడీ డ్రైవు లేనివాళ్ళు 13 ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి తోస్తూ కూర్చునేవాళ్ళు. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు కావాలంది. ర్యామ్ లెక్కన వెయ్యి రెట్లు. ఆ 'కనీసం' కూడా కాగితం మీది మాటే. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో ఏ షాపు కుర్రాణ్ణి అడిగినా "ఎనిమిదికి తక్కువ తీసుకోకండి సార్, పదహారైతే హ్యాపీ" అంటాడు.

ఆ రోజుల్లో కంప్యూటరు ముందు కూర్చుని ఉత్తరాలు, వ్యాసాలు టైపు చేసేవాణ్ణి. ఇప్పుడూ చేసేది అదే. ఉత్తరం పొడుగేమీ పెరగలేదు. నా వేళ్ళ వేగమైతే తగ్గింది కూడా. మరి ఈ వెయ్యి రెట్ల సరంజామా ఎవరి పనికి?

ఈ ప్రశ్న నాకంటే ముందే, నాకంటే బాగా తెలిసిన మనిషి వేశాడు. పాస్కల్ భాషను తయారుచేసిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త నిక్లాస్ విర్త్, అదే 1995లో సాఫ్ట్‌వేరు ఒళ్ళు తగ్గించుకోవాలని ఓ వ్యాసం రాశాడు. హార్డ్‌వేరు ఎంత వేగంగా మెరుగుపడుతోందో, అంతకన్నా వేగంగా సాఫ్ట్‌వేరు మందకొడిదవుతోందన్నది అందులోని ఫిర్యాదు. ఆ మాట తనది కాదు, మార్టిన్ రైజర్‌దని ఆయన చెప్పుకున్నా లోకం వినలేదు, 'విర్త్ సూత్రం' అనే పేరే స్థిరపడింది. 2024 జనవరి 1న పోయాడాయన. విండోస్ 95ను చూసి బెంగపెట్టుకున్న తరం మనిషి విండోస్ 11ను కూడా చూసి మరీ వెళ్ళాడన్నమాట.

అయితే బరువు పెరిగిన ప్రతిదాన్నీ తిట్టడం నాకు ఇష్టం లేదు. దానికి కారణం తెలుగే. విండోస్ 95లో తెలుగు లేదు. మన అక్షరాలు కావాలంటే అను ఫాంట్ల లాంటివి విడిగా కొనుక్కుని, ఇంగ్లిషు అక్షరాల గదుల్లో మన అక్షరాలను అద్దెకు దింపుకునేవాళ్ళం. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే శుభలేఖ కాస్తా కొమ్ములూ చుక్కలూ మొలిచిన రోమన్ అక్షరాల చెత్తగా కనబడేది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. దానితో పాటే తలకట్లూ వత్తులూ ఎక్కడ తగిలించాలో లెక్కగట్టే యంత్రాంగమూ వచ్చింది. అమెరికాలో ఇంగ్లిషు తప్ప మరో లిపి చూడనివాడికి అదంతా దండగ బరువే. ప్రపంచంలోని లిపులన్నీ తన డిస్కులో ఎందుకు కూర్చున్నాయని అతను విసుక్కుంటే తప్పు పట్టలేం. చూపు తక్కువైన వాళ్ళకు తెర చదివి వినిపించే సాధనాలూ, వైరస్‌లను కాపలా కాసే ప్రోగ్రాములూ అంతే. వాటి అవసరం లేనివాళ్ళకు బరువు, ఉన్నవాళ్ళకు ఆధారం.

కాబట్టి ఎన్ని జీబీలని తూకం వేసి లాభం లేదు. గౌతమి ఫాంటు ఇరవై ఏళ్ళకు పైగా నా కంప్యూటర్లలో ఉంది. నేను ఏం టైపు చేశానో అది ఎవరికీ చెప్పలేదు. ఫలానా ఫాంటు కొనుక్కో, మూడు రోజుల తర్వాత మళ్ళీ గుర్తు చేస్తా అనలేదు. పిలిస్తే పలికింది, పిలవకపోతే ఊరుకుంది. నాకు ఈ తేడానే ముఖ్యం.

పిలవకపోయినా నోరెత్తే రెండో రకానికి ఉదాహరణ సాలిటేర్. 1990లో విండోస్ 3.0తో వచ్చిందీ పేకాట. వెస్ చెర్రీ అనే ఇంటర్న్ రాశాడు, సుసాన్ కేర్ ముక్కలకు బొమ్మలు గీసింది. మౌసు అప్పటికి చాలామందికి కొత్త. నొక్కి పట్టుకుని లాగడం, వదలడం అలవాటు కావడానికి ఆ ఆట బాగా పనికొచ్చింది. మన గవర్నమెంటు ఆఫీసుల్లో కంప్యూటర్ శిక్షణ సగం ఆ ముక్కల మీదే జరిగిందని నా అనుమానం. అధికారి వస్తున్న చప్పుడు వినగానే ఆ కిటికీని కిందికి దించడంలో మా వాళ్ళు చూపిన వేగం మరే సాఫ్ట్‌వేరు మీదా చూపలేదు. 2012లో విండోస్ 8 ఆ ఆటను పెట్టెలోంచి తీసేసింది. 2015లో విండోస్ 10 తిరిగి తెచ్చింది, ఈసారి వాణిజ్య ప్రకటనలతో. ప్రకటనలు వద్దంటే నెలనెలా చందా కట్టాలి. ఆట అదే, ఆ ఏడు వరసలే, ఆ ఎరుపూ నలుపే. కొత్తగా వచ్చి చేరినవి ప్రకటనలు తెచ్చే యంత్రాంగం, చందా వసూలు చేసే యంత్రాంగం, ఆడుతున్నదెవరో గుర్తుపెట్టుకునే ఖాతా.

నన్నడిగితే మొత్తం కథ ఈ పేకముక్కల్లోనే ఉంది. సిస్టం బరువెక్కిందని ఒకరు, మన సంగతులు బయటికి పోతున్నాయని మరొకరు విడివిడిగా గోల పెడుతుంటారు. మొదటి బాధకు ర్యామ్ వేయించుకోమనో ఎస్‌ఎస్‌డీ పెట్టించుకోమనో సలహా వస్తుంది. రెండో బాధకు "దాచుకోడానికి మనకేముంది లెండి" అనే ఓదార్పు వస్తుంది. నిజానికి రెండూ ఒకే జబ్బు. కంప్యూటరు మన పనితో పాటు ఇంకొకరి పనీ చేస్తోంది. ఆ ఇంకొకరి పనికి చోటు కావాలి కనక బరువెక్కుతుంది. ఆ పనికి ముడిసరుకు మనమే కనక మన గురించి తెలియాలి. చోటూ సమాచారమూ ఒకే చేత్తో అడుగుతున్నారు.

గచ్చిబౌలిలో ఓ సాఫ్ట్‌వేరు కంపెనీలో పనిచేసే మా మేనల్లుడు నా మాటలకు నవ్వుతాడు. "మావయ్యా, నువ్వెవరో ఏం రాస్తున్నావో ఎవరికీ అక్కర్లేదు. కోట్ల మిషన్లలో ఏ ప్రోగ్రాం ఎక్కడ కూలిపోతోందో తెలియకపోతే బాగుచేసేదెలా?" అంటాడు. వాడి మాటలో నిజముంది. ఒక అప్‌డేట్ ఏదో పాత ప్రింటరుతో గొడవపడితే, ఆ సంగతి వేల కంప్యూటర్లనుంచి లెక్కగా అందబట్టే దిద్దుబాటు త్వరగా వస్తుంది. హైదరాబాదులో 1998 నుంచీ మైక్రోసాఫ్ట్ ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్ ఉంది. మైక్రోసాఫ్ట్‌ను 2014 నుంచి నడిపిస్తున్న సత్య నాదెళ్ళ బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినవాడు. కాబట్టి ఇది ఎవరో పరాయివాళ్ళు మన మీద పన్నిన కుట్ర అని ఊగిపోవడానికి కూడా మనకు వీల్లేదు. అటు కూర్చుని రాస్తున్నవాళ్ళలో మన తోడల్లుళ్ళ పిల్లలూ ఉన్నారు.

"సరేరా, ఏది కూలిపోయిందో తీసుకోండి. నేనేం కొనచ్చో ఊహించడానికి ఓ ప్రకటనల నంబరు తగిలించడమెందుకు?" అన్నాను. "అది వేరే టీమ్" అన్నాడు. ఆ మాట వాడు వేళాకోళానికి అనలేదు. నిజంగానే అది వేరే టీమే. మన దగ్గరికొచ్చేసరికి మాత్రం అన్ని టీములూ కలిసి ఒక్క పెట్టెలో దిగుతాయి.

విండోస్ 10 వచ్చిన ఏడాదికే ఈ తగువు ప్రభుత్వాల దాకా వెళ్ళింది. 2016 మధ్యలో ఫ్రాన్సు సమాచార రక్షణ సంస్థ సీఎన్ఐఎల్ మైక్రోసాఫ్ట్‌కు మూడు నెలల గడువుతో నోటీసిచ్చింది. ఎవరు ఏ యాప్‌లు దింపుకున్నారో, ఒక్కోదాని మీద ఎంతసేపు గడిపారో కూడా సేకరిస్తున్నారనీ, సిస్టం బాగోగులకు అంత అక్కర్లేదనీ తప్పుపట్టింది. ప్రకటనల గుర్తింపు నంబరు వాడేవాళ్ళను అడక్కుండానే పనిచేస్తోందనీ అంది. కంపెనీ దారికొచ్చింది. సేకరణ తగ్గించింది, ఏమేం తీసుకుంటున్నామో జాబితా బయటపెట్టింది, 2017లో ఆ కేసు మూతపడింది. అడిగే నాథుడుంటే పని జరుగుతుందని అప్పుడే తేలింది.

ఇప్పటి పరిస్థితి ఇంకా విడ్డూరం. ఇళ్ళలో వాడే హోమ్, చిన్న వ్యాపారాలు కొనే ప్రో రకాల్లో 'తప్పనిసరి' పేరున్న సమాచారాన్ని ఆపే మీట సెట్టింగుల్లో లేదు. పెద్ద సంస్థలు కొనే ఎంటర్‌ప్రైజ్, విద్యాసంస్థల ఎడ్యుకేషన్ రకాల్లో దాన్ని పూర్తిగా ఆపుకోవచ్చు. యూరప్ దేశాల్లో 2024 నుంచి ఎడ్జ్ బ్రౌజరును మామూలు యాప్‌లాగా తీసేయొచ్చు, స్టార్ట్ మెనూ వెతుకులాటలోంచి బింగ్‌ను తప్పించొచ్చు. అక్కడి డిజిటల్ మార్కెట్ల చట్టం మెడ మీద కత్తి పెట్టింది మరి. అదే విండోస్ మా వీధిలో ఆ పనులు చేయనంటుంది. అంటే చేతకాక కాదు. మీట తయారై ఉంది. ఎవరి ఇంట్లో బిగించాలి, ఎవరి ఇంట్లో గోడకు సున్నం కొట్టి కప్పేయాలి అన్నది ఊరినిబట్టీ సంచి బరువునిబట్టీ నిర్ణయమవుతోంది. నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండేది ఇక్కడే.

స్టార్ట్ మెనూ వెతుకులాట గురించి ఇంకో మాట. నా బీరువాలో నేను 'వీలునామా' అనే కాగితం కోసం వెతుక్కుంటే అది నాకూ బీరువాకూ సంబంధించిన సంగతి. విండోస్‌లో స్టార్ట్ నొక్కి ఆ మాట టైపు చేస్తే, మన డిస్కులో వెతకడంతో పాటు ఇంటర్నెట్ ఫలితాలు తేవడానికి అవే అక్షరాలు బింగ్‌కూ వెళతాయి. దొరకాల్సిన ఫైలు ఓ మూల, వీలునామా రాయించుకోవడం ఎలాగో చెప్పే వెబ్‌సైట్లు దాని కింద. ఎవరడిగారు వాటిని?

కొత్త ల్యాప్‌టాప్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు వచ్చే తంతు చూడండి. దేశం అడుగుతుంది, కీబోర్డు అడుగుతుంది, వైఫై అడుగుతుంది. హోమ్ రకమైతే వైఫై ఇవ్వకుండా ముందుకు కదలదు. ఆపైన మైక్రోసాఫ్ట్ ఖాతా కావాలంటుంది. ఖాతా లేకుండా దాటే అడ్డదారులు కొన్ని ఉండేవి. సీటీసీ కుర్రాళ్ళకు అవి నోటికొచ్చు. ఒక్కొక్కటే మూసుకుంటూ వస్తున్నారు. తర్వాత గోప్యత పేరుతో ఓ తెర: మీరెక్కడున్నారో చెప్పమంటారా, మీ కంప్యూటరు పోతే వెతికిపెట్టమంటారా, మీ టైపింగూ చేతిరాతా పంపమంటారా, మీకు తగ్గ చిట్కాలు ఇమ్మంటారా, యాప్‌లకు మీ ప్రకటనల నంబరు ఇమ్మంటారా. మన దేశంలో అమ్మే వాటిలో ఈ మీటలన్నీ ముందే 'అవును' వైపుకి తిప్పి ఉంటాయి. కిందికి జరిపి ఒక్కోటీ ఆపేంత ఓపిక ఎవరికుంటుంది? కొత్త పెట్టె వాసన కొడుతూ ఉంటుంది, పక్కన పిల్లలు త్వరగా త్వరగా అని తొందరపెడుతుంటారు, నీలంరంగు బటన్ పిలుస్తూ ఉంటుంది. నొక్కేస్తాం. ఆఫీస్ ట్రయల్, ఆటల చందా, క్లౌడ్‌లో చోటు దాటి డెస్క్‌టాప్‌కు చేరాక, లింక్డ్‌ఇన్, ఎక్స్‌బాక్స్, క్లిప్‌చాంప్ అప్పటికే చాప పరుచుకుని కూర్చుని ఉంటాయి. ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ తన వంతుగా ఓ నెల రోజుల యాంటీవైరస్ పెట్టి పంపుతుంది, నెల తిరగ్గానే బెదిరించడానికి.

అక్కడితో వదలదు. కొన్నాళ్ళు పోయాక, ఓ రోజు ఉదయం ఆన్ చేయగానే 'మీ కంప్యూటరు సెటప్ పూర్తి చేద్దాం' అని నిండు తెర వస్తుంది. ఏం మిగిలిందబ్బా అని చూస్తే, ఎడ్జ్‌ను ఖాయం చేసుకోమనీ వన్‌డ్రైవ్ తీసుకోమనీ. మూడు రోజుల తర్వాత గుర్తు చేయమనే వీలుంది. ఇంకెప్పుడూ అడగవద్దు అనే బటన్ ఆ తెర మీద కనిపించదు. దాని మీట సెట్టింగుల్లో ఎక్కడో నోటిఫికేషన్ల అడుగున దాక్కుని ఉంటుంది. వన్‌డ్రైవ్ తీసుకున్నారో, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లలో ఉన్నవన్నీ క్లౌడ్‌కు ప్రయాణం కడతాయి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. పెళ్ళి వీడియో ఒక్కటి చాలు అది నిండడానికి. నిండాక డబ్బు కట్టమంటారు. మన ఇంట్లో ఖాళీ గది ఉండగా మన సామాను వాళ్ళ గోడౌనుకు తరలించి, అద్దె అడగడం బాగుంది.

బరువూ నిఘా రెండూ ఒకే జబ్బు అన్నానే, దానికి రీకాల్‌ను మించిన సాక్ష్యం లేదు. 2024 మే 20న కోపైలట్ ప్లస్ అనే కొత్తరకం కంప్యూటర్లను ప్రకటిస్తూ ఆ వసతిని గొప్పగా చూపించారు. తెర మీద ఏముందో కొన్ని సెకన్లకోసారి ఫొటో తీస్తుంది, ఆ ఫొటోల్లోని అక్షరాలను చదువుతుంది, ఎప్పుడో చూసింది మళ్ళీ కావాలంటే వెతికి ఇస్తుంది. మతిమరుపు మనిషిగా నాకు ఒక్క క్షణం నోరూరిన మాట నిజం. దీనికి 16 జీబీ ర్యామ్, 256 జీబీ డిస్కు, సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ప్రత్యేక ప్రాసెసర్ కావాలి. 256 జీబీ డిస్కులో ఫొటోలకోసం మామూలుగా 25 జీబీ తీసి పెట్టుకుంటుంది. అందులో విండోస్ 95లు అయిదు వందలు పడతాయి.

మొదటి రూపంలో ఆ జ్ఞాపకాలన్నీ, లాగిన్ అయి ఉన్న కంప్యూటర్లో దూరిన ఏ దొంగ ప్రోగ్రామైనా చదువుకోగలిగే మామూలు డేటాబేసులో ఉన్నాయని భద్రతా నిపుణులు బయటపెట్టారు. గగ్గోలు లేచింది. మూడు వారాలు తిరక్కుండానే కంపెనీ వెనక్కి తగ్గింది. అడిగితేనే ఆన్ అయ్యేట్టు మార్చి, తాళం గట్టిది వేసి, 2025 ఏప్రిల్‌లో మళ్ళీ విడుదల చేసింది. ఫొటోలు కంప్యూటరు దాటి పోవనీ, ముఖమో వేలిముద్రో పిన్నో ఇస్తేనే తెరుచుకుంటాయనీ హామీ. సిగ్నల్ మెసేజింగ్ యాప్ వాళ్ళకు ఆ హామీ చాలలేదు. మరుసటి నెలలోనే విండోస్‌లో తమ కిటికీని ఫొటో తీయడానికి వీల్లేకుండా చేసుకున్నారు. సినిమాలు కాపీ కొట్టకుండా ఆపే సదుపాయాన్నే దానికి వాడారు. వాళ్ళ భయం నాకు సబబుగానే తోచింది. నేను రీకాల్ ఆపుకున్నా, నేను పంపిన సందేశం అవతలివాళ్ళ తెర మీద కనబడుతుంది కదా. చదివాక చెరిగిపోయేలా పంపిన ముక్క వాళ్ళ కంప్యూటర్లో ఫొటోగా మిగిలిపోతే నా జాగ్రత్త ఏ గంగలో కలిసినట్టు?

ఇది మన దగ్గరికొస్తే ఇంకో మలుపు తిరుగుతుంది. తెనాలిలో నేను తరచూ కూర్చునే ఓ డీటీపీ షాపుంది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, శుభలేఖలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఆ తెర మీద కనబడనిది లేదు. ఒకామె ఆధార్ కార్డు దింపుకుంటుంది. ఒకాయన పొలం కాగితాలు స్కాన్ చేయిస్తాడు. డిగ్రీ కుర్రాడు మార్కుల మెమో, రిటైరైన మాస్టారు పెన్షన్ ఫారం, ఎవరో కోడలు అత్తింటివాళ్ళ మీద ఇవ్వబోయే ఫిర్యాదు ముసాయిదా. మధ్యాహ్నం భోజనానికి వెళితే పక్క కొట్టు కుర్రాడు కూర్చుంటాడు. పాస్‌వర్డు మానిటరు అంచున స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది. రీకాల్ నడిచే ఖరీదైన మిషను ఆ షాపులో లేదు, ఇప్పట్లో రాదు. వచ్చిందే అనుకోండి, ఆన్ చేసేది షాపాయన, ఫొటోల్లోకెక్కేది ఊరందరి కాగితాలు. ఆధార్ నంబర్ల లాంటివి తప్పించే జల్లెడ ఉందంటారు. అత్తింటి మీద ఫిర్యాదును ఏ జల్లెడ పట్టుకుంటుంది?

ఒక మనిషి, ఒక కంప్యూటరు, ఒక ఖాతా, ఒక రహస్య సంఖ్య. ఈ లెక్కతో గీసిన ఇల్లు విండోస్. మన ఇళ్ళల్లో కంప్యూటరు కుటుంబానిది. పిన్ నంబరు అందరికీ తెలుసు. చాలాసార్లు అది పెద్దబ్బాయి పుట్టిన సంవత్సరం. భర్త చూడకూడని వెతుకులాట భార్యకు ఉండొచ్చు, నాన్న చూడకూడనిది కూతురికి ఉండొచ్చు. బయటి హ్యాకర్ల గురించి పేజీలకొద్దీ రాస్తారు గానీ ఇంట్లోవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు.

ఆ షాపాయనకు రెండు కంప్యూటర్లున్నాయి. పాతదాంట్లో విండోస్ 7, పేజ్‌మేకర్. దానికి నెట్ లేదు. వైరు ఆయనే పీకేశాడు. కొత్తదాంట్లో వాట్సాప్, ఆధార్ పనులు, ప్రింటర్లు. రెంటి మధ్య పెన్‌డ్రైవు తిరుగుతుంది. "కొత్తదానికి అప్‌డేట్ పడితే ఆ రోజు ముహూర్తం చూసుకోవాల సార్. పాతది నోరెత్తదు" అన్నాడు. నోరెత్తని పనివాడి విలువ వ్యాపారస్తుడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

దాచుకోడానికి మనకేముంది అనే మాట మన సమాజంలో అంత తేలిగ్గా ఎందుకు చెల్లుతుందో నాకు తెలుసు. మనం తలుపులు తెరిచి పెట్టుకు బతికినవాళ్ళం. మా వీధిలో ఎదురింటి పిన్నిగారికి మా ఇంటికెవరొచ్చారో, ఏం కూర వండుకున్నామో, ఎవరి సంబంధం తప్పిపోయిందో మాకంటే ముందు తెలిసేది. అయినా ఆవిడ ఏ అరుగు మీద కూర్చుంటుందో మాకు తెలుసు. ఏం విన్నదో తెలుసు, ఎవరికి చేరవేస్తుందో తెలుసు. ఆవిడ ఇంటి సంగతులూ మాకు తెలుసు. అవసరమైతే వినబడేలా ఓ అబద్ధం చెప్పి పంపొచ్చు కూడా. కంప్యూటర్ లోపలి పిన్నిగారితో ఈ వెసులుబాట్లేవీ లేవు. అరుగు ఎక్కడుందో కనబడదు, చెప్పేది ఎవరికో తెలియదు, తిరిగి అడగడానికి ఆవిడ ఇంటి తలుపు లేదు.

చట్టం మాటకొస్తే, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, జస్టిస్ పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. విండోస్ 95కి సరిగ్గా ఇరవై రెండో పుట్టినరోజది, కాకతాళీయమే అనుకోండి. 2023లో వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చింది. సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, స్పష్టమైన చర్యతో ఇచ్చినదై ఉండాలంటుంది. ఏం తీసుకుంటున్నారో చెప్పే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో, అంటే తెలుగులో కూడా చదువుకునే వీలివ్వాలంటుంది. మంచిదే. ముందే 'అవును' వైపు తిప్పిపెట్టిన మీట స్పష్టమైన చర్య అవుతుందా అని మన దేశంలో ఎవరైనా గట్టిగా అడిగితే ఇంకా మంచిది.

ఇంత గోల ఎందుకు, లైనక్స్‌కు మారిపోవచ్చుగా అంటారు. మారినవాళ్ళున్నారు, హాయిగా ఉన్నారు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు తెలుగులోనే పలకరించే లైనక్స్‌ను ఎన్నో ఏళ్ళ కిందటే తయారుచేసి ఊరూరా తిప్పారు. డీటీపీ షాపాయన మాత్రం మారలేడు. ఆయన ఇరవై ఏళ్ళ శుభలేఖలన్నీ పేజ్‌మేకర్ ఫైళ్ళలో ఉన్నాయి. పైగా అటువైపు అంతా మడికట్టుకు కూర్చున్నవాళ్ళే అనుకోనక్కర్లేదు. 2012 అక్టోబరులో ఉబుంటు తన వెతుకులాటలో అమెజాన్ సరుకులు చూపించడం మొదలెట్టి, లైనక్స్ లోకం చేత చీవాట్లు తిని, 2016లో గానీ దాన్ని మామూలుగా ఆపి ఉంచలేదు. ఆపిల్ సంగతీ అంతే. 2020 నవంబరు 12న ప్రపంచంలో ఎందరివో మ్యాక్‌లలో యాప్‌లు తెరుచుకోకుండా మొరాయించాయి. యాప్ తెరిచేటప్పుడు దాని తయారీదారు సర్టిఫికెట్ సరైనదో కాదో ఆపిల్ సర్వరును అడుగుతుందనీ, ఆ రోజు ఆ సర్వరుకు ఊపిరాడలేదనీ అప్పుడు బయటపడింది. నెట్ తీసేస్తే యాప్‌లు చక్కగా తెరుచుకున్నాయట. ఫోన్ల ఊసు ఎత్తకపోవడమే మేలు. విండోస్‌ను ఇంతగా ఆడిపోసుకుంటున్న నా జేబులో ఉన్నదీ అలాంటి ఫోనే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. నిక్షేపంగా పనిచేస్తున్న బోలెడు కంప్యూటర్లు, టీపీఎం 2.0 చిప్ లేదనో ప్రాసెసర్ పాతదనో విండోస్ 11కి పనికిరానివైపోయాయి. మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు కావాలంటే దారులు చూపించారు. 30 డాలర్లు కట్టొచ్చు. లేదా మీ సెట్టింగులను వాళ్ళ క్లౌడ్‌లో దాచడానికి ఒప్పుకుంటే ఉచితం. ఏ దారిన వెళ్ళినా మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండి తీరాలి. డబ్బు తీసుకుని కూడా పేరు అడుగుతున్నారంటే, వాళ్ళకు 30 డాలర్ల కంటే ఏది విలువైనదో చెప్పకనే చెప్పినట్టు.

ఇన్ని మాటలన్నాక, ఒళ్ళు తగ్గిన విండోస్ అసలు లేనే లేదంటే అబద్ధమవుతుంది. ఉంది. ఎల్‌టీఎస్‌సీ అంటారు దాన్ని. అందులో యాప్ స్టోర్ లేదు, ఆటలు లేవు, వార్తల పెట్టె లేదు, ఏడాదికోసారి ముఖం మార్చుకునే గొడవ లేదు. భద్రతా అప్‌డేట్లు మాత్రం ఏళ్ళ తరబడి వస్తాయి. విండోస్ 10లోనే యంత్రాల కోసం చేసిన రకానికి 2032 జనవరి దాకా మద్దతుంది. ఏటీఎంలకూ, ఆసుపత్రిలో స్కానింగ్ మిషన్లకూ, ఫ్యాక్టరీలో కొలిమిని చూసే కంప్యూటర్లకూ అది ఇస్తారు. డబ్బు లెక్కపెడుతున్న మిషనుకు మధ్యలో సాలిటేర్ ప్రకటన చూపిస్తే బాగుండదని వాళ్ళకు తెలుసు. సంస్థలకు టోకున, యంత్రాలు తయారుచేసేవాళ్ళకు విడిగా అమ్ముతారు. నాలాంటివాడు షాపుకెళ్ళి ఒక్కటి ఇవ్వమంటే ఇవ్వరు.

ఇవ్వమనే నా కోరిక. ఊరికే వద్దు, ధర చెప్పమనండి. మామూలుదానికన్నా ఓ రెండు వేలు ఎక్కువైనా సరే. తెనాలి షాపాయన ఒకటి తీసుకుంటాడు, నేనొకటి తీసుకుంటాను. కావలసినవాళ్ళ జాబితా అంటూ మొదలెడితే నా పేరు ముందు రాసుకోవచ్చు. కొత్తగా అడగనక్కర్లేదు, పేరూ ఊరూ పుట్టినరోజూ వాళ్ళ దగ్గర ఎప్పుడో చేరాయి.